బోదకాలు తగ్గిందో లేదో ఏ లెక్క చూసి చెప్పాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు చెప్పింది ఇదీ: మీ మండలంలో ఫైలేరియా మాత్రలు ఏటా తొంభై శాతానికి పైగా ఇచ్చినట్టు రికార్డులో ఉంది. స్కూలు పిల్లలకు చేసిన టాస్ సర్వేలో (జబ్బు ఇంకా అంటుకుంటోందో లేదో తేల్చే సర్వే) మీ ప్రాంతం పాసైంది. కానీ బోదకాలు, వరిబీజం ఉన్నవాళ్ల జాబితా మాత్రం ఏటికేడు పెరుగుతోంది. "ఈ మూడింట్లో దేన్ని నమ్మాలి? కార్యక్రమం పని చేసినట్టా, చేయనట్టా? నా రిపోర్టులో ఏం రాయాలి?" అని అడిగారు.

ఆ మూడూ ఒకేసారి నిజమై ఉండవచ్చు. ఎందుకంటే అవి ఒకే కాలం గురించి చెప్పే లెక్కలు కావు. జాబితాలో ఉన్న వాచిన కాలు పదేళ్ల కిందటో, ఇరవై ఏళ్ల కిందటో కుట్టిన దోమల సంగతి చెబుతుంది. రక్తంలో కనబడే మైక్రోఫైలేరియా, అంటే ఈ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు, గత కొన్నేళ్ల సంగతి చెబుతాయి. ఆరేళ్ల పిల్ల ఒంట్లో పురుగు ఉందంటే అది ఈ మధ్యకాలపు సంగతి. ఇక మాత్రల శాతం మనం ఈ ఏడాది చేసిన పని గురించే చెబుతుంది, జబ్బు గురించి ఏమీ చెప్పదు. గోదావరి జిల్లాల్లో ఫైలేరియా యూనిట్లలో ల్యాబ్ టెక్నీషియన్‌గా మొదలుపెట్టి సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. కొత్తగా చేరినవాళ్లు ఎవరు ఈ ప్రశ్న అడిగినా నేను మొదట చెప్పేది ఇదే: లెక్క కంటే ముందు ఆ లెక్క ఏ కాలానిదో తెలుసుకోండి.

జబ్బు నడిచే తీరు రెండు ముక్కల్లో చెబుతాను, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. మన దగ్గర దీన్ని మోసేది క్యూలెక్స్ దోమ. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు దాని పుట్టిల్లు. పెద్ద పురుగులు మనిషి లింఫు నాళాల్లో కాపురం పెట్టి ఆరు నుంచి ఎనిమిదేళ్ల దాకా బతుకుతాయి. అవి పెట్టే పిల్ల పురుగులే మైక్రోఫైలేరియా. అవి పగలంతా లోపల దాక్కుని రాత్రి పూట పైరక్తంలోకి వస్తాయి. దోమ కుట్టినప్పుడు దాని కడుపులోకి వెళ్లి, పది పన్నెండు రోజుల్లోనో ఇంకాస్త ఎక్కువకో మళ్లీ మనిషికి అంటించే దశకు చేరతాయి. మలేరియా క్రిమిలా ఇది దోమలో సంఖ్య పెంచుకోలేదు, ఎన్ని ఎక్కాయో అంతకు మించి దిగవు. అందుకే ఒకటి రెండు కుట్లతో జబ్బు రాదు, నెలల తరబడి కుట్టించుకోవాలి. మన ప్రాంతంలో ఉన్న రకం మనిషిలో తప్ప మరే జంతువులోనూ ఉండదు కూడా. మనుషుల రక్తంలో పిల్ల పురుగులను ఒక స్థాయి కిందికి దించి కొన్నేళ్లు అక్కడే పట్టి ఉంచితే గొలుసు దానంతట అదే తెగిపోతుంది. ఏటా మాత్రలు ఇవ్వడం వెనక ఉన్న ఆలోచన ఇంతే. పెద్ద పురుగు పిల్లలను పెట్టగలిగే కాలం నాలుగు నుంచి ఆరేళ్లు, కాబట్టి కనీసం 5 రౌండ్లు అన్నారు.

ఇప్పుడు మీ తొంభై శాతం దగ్గరకు వద్దాం. అన్నిటికంటే ఎక్కువ తేడా వచ్చేది ఇక్కడే.

ఒక ఊళ్లో 1,000 మంది ఉన్నారనుకోండి. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుపడి ఉన్నవాళ్లు కలిపి ఒక 100 మందిని పక్కన పెట్టాం. మిగిలిన 900 మందిలో 810 మందికి మాత్రలు అందాయి. రికార్డులో 90 శాతం అని పడుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ ఆ 810 మందిలో మింగినవాళ్లు మూడింట రెండొంతులే అయితే? 540 మంది. ఊరి మొత్తం జనాభాతో చూస్తే 54 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక రౌండు ఫలించినట్టు లెక్కించాలంటే మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది మింగి ఉండాలి. అంటే రికార్డులో తొంభై ఉన్న ఊరు నిజానికి ఆ రౌండు తప్పినట్టే. చేతిలో పడిన మాత్ర వేరు, గొంతు దిగిన మాత్ర వేరు.

మింగకపోవడానికి జనాన్ని తిట్టి లాభం లేదు. ఒంట్లో ఏ బాధా లేనివాడికి మూడు డీఈసీ మాత్రలు (ఫైలేరియాకు అసలు మందు ఇదే), ఒక ఆల్బెండజోల్ ఇచ్చి "అన్నం తిన్నాక వేసుకో" అంటే గూట్లో పెట్టేస్తాడు. పోయినేడు వేసుకున్న పక్కింటాయనకు జ్వరం వచ్చిందనే మాట వీధంతా తెలిసి ఉంటుంది. ఆ జ్వరం ఎందుకొచ్చిందో మనం వాళ్లకు సరిగ్గా చెప్పలేదు. రక్తంలో పిల్ల పురుగులు ఉన్నవాళ్లకు మందు పడ్డాక అవి చచ్చేటప్పుడు ఒళ్లునొప్పులు, తలనొప్పి, జ్వరం వస్తాయి, ఒకటి రెండు రోజుల్లో పోతాయి. ఆయన ఒంట్లో పురుగు ఉందనీ, మందు పని చేసిందనీ దానర్థం. ఈ ఒక్క మాట ముందుగా ఇంటింటికీ చెప్పి, ఆ రెండు రోజులూ ఏఎన్ఎం ఊళ్లోనే కనిపిస్తే మరుసటి ఏడాది మింగేవాళ్లు పెరుగుతారు. ఇది నేను కళ్లారా చూసింది.

కాబట్టి మీరు శాతం చూడగానే రెండు ప్రశ్నలు వేయండి. కింద ఉన్న సంఖ్య మొత్తం జనాభానా, అర్హులా? పైన ఉన్న సంఖ్య తీసుకున్నవాళ్లా, మింగినవాళ్లా? పంపిణీ అయిన కొద్ది రోజులకే వేరే బృందం కొన్ని ఇళ్లు ఎంచుకుని "మా ముందు మింగారా, తర్వాత మింగారా, అసలు మింగలేదా" అని అడిగిన సర్వే మీ జిల్లాలో ఉంటే, ఆశా రిజిస్టర్ పక్కన పెట్టి దాన్నే తీసుకోండి. ఆశా కార్యకర్తల తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. ఒక్క మనిషి వందల ఇళ్లు తిరగాలి, మగవాళ్లు పొలాల్లోనో పనుల్లోనో ఉంటారు. ఇంట్లో ఉన్న ఆడమనిషి చేతిలో నలుగురి మాత్రలు పెట్టి రావడం తప్ప ఆమెకు మరో దారి ఉండదు.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. చాలా రిపోర్టుల్లో అది కనపడదు, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమైనది అదే: ఇన్ని రౌండ్లలో ఒక్కసారి కూడా మింగనివాళ్లు ఎవరు? ప్రతి ఏడూ 70 శాతం మింగినా, మింగని 30 శాతం ఏటా వేర్వేరు మనుషులైతే ఐదేళ్లలో దాదాపు అందరి ఒంట్లోకీ మందు చేరుతుంది. అదే 30 శాతం మంది ప్రతిసారీ మిగిలిపోతే, వాళ్ల రక్తమే దోమలకు గాదె అవుతుంది. పైకి రెండిటికీ శాతం ఒక్కటే, ఫలితం మాత్రం పూర్తిగా వేరు. ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే కుటుంబాలు, బిహార్, జార్ఖండ్‌ల నుంచి వచ్చే కూలీలు ఇక్కడి రిజిస్టర్లో ఉండరు, పంపిణీ రోజున సొంతూళ్లోనూ ఉండరు. మన పాలమూరు వలస కూలీలదీ అదే పరిస్థితి. వాళ్ల పేర్లు ఏ కాగితం మీదా లేకపోతే మన తొంభై శాతంలో వాళ్లు కింది సంఖ్యలో కూడా ఉండరు.

రక్తం సంగతికి వస్తే, రాత్రి సర్వేలో వేలి చివర నుంచి చుక్క తీసి స్లైడు మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పిల్ల పురుగులను లెక్కపెడతాం. పరీక్ష చేసినవాళ్లలో నూటికి ఒకరి కంటే తక్కువ మందికి ఉంటేనే తర్వాతి మెట్టు ఎక్కనిస్తారు. పనికొచ్చే పద్ధతే. కానీ రాత్రి అంటే రాత్రే అన్న మాట మీద నిలబడితేనే. మన దేశంలో రాత్రి 8:30 దాటాక మొదలుపెట్టి అర్ధరాత్రి దాకా తీయాలని నియమం. నేను పనిచేసిన ఒక చోట ఒక ఏడాది రేటు ఒక్కసారిగా పడిపోయింది. అందరూ సంతోషించారు. స్లైడ్ల పెట్టె తెరిచి టైము చూస్తే సగం పైగా సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య తీసినవే. చీకటి పడ్డాక ఆ ఊరికి బండి లేదు, సిబ్బంది తొందరగా ముగించుకుని వచ్చేశారు. పురుగు తగ్గలేదు, పైకి వచ్చే వేళ కాకముందే మేం చూశాం. మళ్లీ అదే ఊరికి రాత్రి పదింటికి వెళ్లి తీస్తే రేటు పాత చోటికే వచ్చింది. ఆ మొదటి అంకె అలాగే పైకి పోయి ఉంటే ఆ ఊరికి మాత్రలు ఆపేసేవారు. ఇప్పటికీ తలుచుకుంటే బాధగా ఉంటుంది.

అందుకే మీ రిపోర్టులో రేటు రాసే ముందు మూడు సంగతులు వెతకండి: ఎన్నింటికి తీశారు, ఎంతమందికి తీశారు, ఎవరికి తీశారు. ఒక్కో చోట కనీసం 300 మంది ఉండాలి. రాత్రి ఇంటి దగ్గర దొరికేది ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. ఎక్కువ పురుగులు మోసే వయసు మగవాళ్లు దొరకకపోతే రేటు దానంతట అదే తగ్గుతుంది. ఏటా అదే సెంటినెల్ ఊళ్లకు (నిఘా కోసం ముందే ఎంచి పెట్టుకున్న ఊళ్లకు) వెళితే అక్కడి జనం మన మొహాలు గుర్తుపట్టి మాత్రలు కాస్త శ్రద్ధగా వేసుకుంటారు, ఆ ఊళ్లు మిగతా జిల్లా కంటే బాగా కనిపిస్తాయి. ప్రతిసారీ కొత్తగా ఎంచుకున్న ఊళ్లు కూడా కలపమనేది అందుకే. రేటుతో పాటు ఒక్కో స్లైడులో ఎన్ని పురుగులు ఉన్నాయో కూడా చూడండి. రేటు కదలకపోయినా స్లైడుకు ముప్పై ఉన్నవి మూడుకు దిగాయంటే మందు పనిచేస్తోందన్నమాటే.

ఇక టాస్. ఇందులో చూసేది పిల్ల పురుగును కాదు, పెద్ద పురుగు రక్తంలోకి విడుదల చేసే యాంటిజెన్ అనే పదార్థాన్ని. 75 మైక్రోలీటర్ల రక్తం స్ట్రిప్పు మీద వేసి 10 నిమిషాలకు చదవాలి. పగలైనా ఫరవాలేదు. ఆ పది నిమిషాల నియమాన్ని తేలిగ్గా తీసుకోకండి, ఆలస్యంగా చూస్తే లేని గీత వచ్చి కూర్చుంటుంది. ఆరు, ఏడేళ్ల పిల్లలనే ఎందుకు చూస్తారంటే, వాళ్లు మాత్రల పంపిణీ నడుస్తున్న రోజుల్లో పుట్టి పెరిగినవాళ్లు. వాళ్ల ఒంట్లో పురుగు ఉందంటే అది పాత బాకీ కాదు, ఈ నాలుగైదేళ్లలో అంటుకున్నది. పెద్ద సర్వే యూనిట్‌లో ఉదాహరణకు 1,692 మంది పిల్లలను చూస్తే, పాజిటివ్‌లు 20 దాటకపోతే పాస్. మాత్రలు ఆపేస్తారు. ఆ తర్వాత రెండు మూడేళ్ల తేడాతో మరో రెండుసార్లు ఇదే సర్వే చేసి చూడాలి.

పాసైన మాట నిజమే కానీ, పాసైంది ఎవరు? మీ మండలం కాదు. ఒక టాస్ యూనిట్‌లో 20 లక్షల దాకా జనాభా ఉండవచ్చు. మీ మండలం నుంచి అందులోకి వచ్చింది ఒకటో రెండో స్కూళ్లు. లేదా ఒక్కటీ రాలేదు. పైగా 20 లోపు పాజిటివ్‌లు వస్తే పాస్ అంటే, అసలు పాజిటివ్‌లే లేవని కాదు. పన్నెండు మంది పిల్లలు పాజిటివ్ అయి, వాళ్లలో తొమ్మిది మంది ఒకే పేటలో ఒకే మురుగు కాలువ పక్కన ఉన్నారనుకోండి. కాగితం మీద యూనిట్ మొత్తం పాస్. ఆ పేటలో మాత్రం జబ్బు నిన్న కూడా అంటుకుంటూనే ఉంది. సగటు తీస్తే ఆ పేట అందులో మునిగిపోతుంది.

ఇది నా ఊహ కాదు. పసిఫిక్ సముద్రంలో అమెరికన్ సమోవా అనే చిన్న దీవుల ప్రాంతం ఉంది. అక్కడ 2000 నుంచి 2006 వరకు మాత్రలు ఇచ్చారు. మొదటి టాస్‌లోనూ, 2015లో రెండో దాంట్లోనూ పాసయ్యారు. 2016లో మూడోది తప్పారు. జబ్బు తిరిగి వచ్చింది, మళ్లీ మందులు మొదలుపెట్టాల్సి వచ్చింది. అక్కడి దోమ వేరు, అది పగటి పూట కుట్టే రకం, కాబట్టి అచ్చంగా మనకు అన్వయించకూడదు. కానీ చిన్నపిల్లల్లో కనబడేసరికి పెద్దవాళ్లలో అప్పటికే ఎంతో పేరుకుని ఉంటుందన్నది మనకూ వర్తిస్తుంది. మూడు మందుల పద్ధతి (డీఈసీ, ఆల్బెండజోల్‌తో పాటు ఐవర్‌మెక్టిన్ కూడా ఇచ్చేది) నడిచిన చోట ఇప్పుడు 20 ఏళ్లు దాటిన పెద్దవాళ్ల రక్తంలో పిల్ల పురుగులను వెతకాలంటున్నారు. సరైన దారిలో పడ్డారని నా అభిప్రాయం. దీనికి ఎదురుగా శ్రీలంకను చూడండి. 2016లో ఆ దేశం ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. అంతటితో తలుపులు మూసేయలేదు. 1947లో పెట్టిన ఫైలేరియా విభాగాన్ని అలాగే ఉంచి రాత్రి సర్వేలు కొనసాగించారు. గాలె వైపు తీరంలో మిగిలిపోయిన చోట్లు అందుకే బయటపడ్డాయి.

దోమల విషయం క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. ఒకప్పుడు ప్రతి యూనిట్‌లో ఇన్‌సెక్ట్ కలెక్టర్లు ఉండేవాళ్లు. తెల్లవారుజామున టార్చి పట్టుకుని ఇళ్లలో గోడల మీద, మంచాల కింద వాలిన దోమలను గొట్టంతో పీల్చి తెచ్చేవాళ్లు. మేం వాటిని కోసి చూసేవాళ్లం. అంటించే దశకు చేరిన పురుగు దోమలో దొరికిందంటే ఆ వీధిలో ఈ రోజు ప్రమాదం ఉన్నట్టే, అంతకంటే తాజా సాక్ష్యం లేదు. ఇప్పుడు దోమల్లో పురుగు డీఎన్‌ఏ చూసే పద్ధతి వచ్చింది. మీకు అనుమానం ఉన్న పేట ఏదైనా ఉంటే రాజమండ్రిలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం శాఖను అడగండి, ఫైలేరియా శిక్షణకు అది పాత కేంద్రం.

ఇప్పుడు మీకు అన్నిటికంటే టెన్షన్ పెట్టిన లెక్క: పెరుగుతున్న రోగుల జాబితా. దీనివల్ల కార్యక్రమం ఓడిందని అనుకోకండి. వాచిన కాలును డీఈసీ మాత్రలు తగ్గించవు. లింఫు నాళాలు పాడై కాలు ఏనుగు కాలులా అయ్యాక పురుగు చచ్చినా ఆ రూపం పోదు. కాబట్టి రేపటి నుంచి ఒక్కరికి కూడా కొత్తగా అంటకపోయినా ఈ జాబితా ఏళ్ల తరబడి ఉంటుంది. అది పెరగడానికి కారణం చాలాసార్లు వెతకడమే. ఇంటింటికీ తిరిగి జాబితా రాయడం మొదలుపెట్టాక అప్పటిదాకా చీర కుచ్చిళ్ల కింద కాలు దాచుకున్న ఆడవాళ్లు, వరిబీజం గురించి నోరెత్తని మగవాళ్లు బయటికి వచ్చారు. తెలంగాణలో ఆసరా పింఛన్ల కింద ఫైలేరియా బాధితులకు నెలనెలా డబ్బు ఇవ్వడం మొదలయ్యాక పేరు రాయించుకోవడానికి ఒక కారణం కూడా దొరికింది. మంచిదే. కానీ పింఛను వచ్చిన ఏడాది జాబితా ఎగిరితే దాన్ని జబ్బు ఎగిరినట్టు గ్రాఫు గీయకూడదు.

జాబితాలో చూడాల్సింది మొత్తం కాదు, వయసు. కొత్తగా రాసిన పేర్లు యాభై, అరవై దాటినవాళ్లవైతే పాత కష్టం ఇప్పుడు కాగితమెక్కిందన్నమాట. ఇరవై ఏళ్లలోపు పిల్లల్లో వాపు కనబడితే మాత్రం నిద్ర మానుకుని ఆ ఊరికి వెళ్లండి.

రోగుల విషయంలో ప్రగతిని కొలిచే పద్ధతి వేరే ఉంది, దాన్ని ఎవరూ రాయడం లేదని నాకు చాలా బాధ. కాలు వాచినవాళ్లకు అసలు నరకం వాపు కాదు, చలి జ్వరం. వేళ్ల సందుల్లో పుండు నుంచి సూక్ష్మక్రిములు లోపలికి వెళ్లి, గజ్జల్లో బిళ్ల కట్టి, కాలు ఎర్రగా కాలిపోతూ మంచాన పడేస్తుంది. వచ్చినప్పుడల్లా వారం రోజుల కూలి పోతుంది, ప్రతిసారీ కాలు ఇంకొంచెం లావవుతుంది. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, పుండుకు మందు రాసుకుంటే ఈ జ్వరాలు బాగా తగ్గుతాయి. మరి ఎన్ని కిట్లు పంచామని రాస్తాం కానీ, "పోయినేడు ఎన్నిసార్లు జ్వరం వచ్చింది, ఈ ఏడు ఎన్నిసార్లు?" అని అడిగి రాయం. బకెట్టు, మగ్గు ఇచ్చి ఫొటో దిగడం పంపిణీ లెక్క, జ్వరాలు తగ్గడం ఫలితం లెక్క. వరిబీజం ఆపరేషన్లదీ అంతే. జాబితాలో ఎంతమంది, వాళ్లలో ఆపరేషన్ అయినవాళ్లు ఎంతమంది అన్నది రాస్తే చాలు. అది పూర్తిగా నయమయ్యే బాధ, ఇంకా మిగిలి ఉంటే అది మన బాకీ.

దేశం మొత్తం మీద చూస్తే ఏం జరిగిందని కూడా అడిగారు. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. ఏడాదికోసారి మాత్రల పంపిణీ 2004లో, ఆల్బెండజోల్ కలపడం 2007లో, ఐవర్‌మెక్టిన్ కూడా చేర్చిన మూడు మందుల పద్ధతి 2018 చివర్లో వచ్చాయి. 2015కల్లా నిర్మూలన అన్నారు, గడువు జరుగుతూ ఇప్పుడు 2027 దగ్గర ఉంది. గడువులు తప్పిన మాట నిజం. జబ్బు తగ్గిన మాటా నిజం. ప్రపంచంలో సోకినవాళ్లు 2018 నాటికి 5.1 కోట్లకు దిగారని, ప్రపంచ కార్యక్రమం మొదలైనప్పటి కంటే ఇది 74 శాతం తక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ తగ్గుదలలో డీఈసీది పెద్ద చెయ్యి. ఆ మందును 1947లో వెలుగులోకి తెచ్చిన లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీ పరిశోధనలకు సారథి మన యల్లాప్రగడ సుబ్బారావుగారు, పుట్టింది భీమవరంలో. బోదకాలు ఇంటింటా ఉన్న డెల్టాలో పుట్టిన మనిషి ఆధ్వర్యంలో ఆ జబ్బు మందు రావడం, ఆ మాత్ర ఇవాళ ఆ ఊళ్లలోనే గూళ్లలో మిగిలిపోవడం చూస్తే నాకు మనసు కలుక్కుమంటుంది.

సరే, మీ రిపోర్టు. "వ్యాప్తి ఆగిపోయింది" అని రాయకండి, మీ దగ్గర ఉన్న సమాచారంతో ఆ మాట అనలేం. "కార్యక్రమం విఫలమైంది" అని కూడా రాయకండి. జిల్లా స్థాయిలో పిల్లల్లో వ్యాప్తి పరిమితి కంటే తక్కువగా ఉందని, మండల స్థాయిలో తేల్చడానికి ఆధారం చాలదని, మింగినవాళ్ల శాతం స్వతంత్రంగా సరిచూడలేదని, రోగుల జాబితా పెరుగుదల వయసుల వారీగా విడదీస్తే తప్ప కొత్త వ్యాప్తికి గుర్తుగా తీసుకోలేమని రాయండి. ఆ తర్వాత జిల్లా ఆఫీసుకు వెళ్లి టాస్‌లో పాజిటివ్ వచ్చిన పిల్లలు ఏయే స్కూళ్ల వాళ్లో అడగండి. పిల్లల పేర్లు రిపోర్టులో పెట్టకండి, ఊరి పేరు చాలు. అందులో మీ మండలం ఊరు ఒక్కటి ఉన్నా, ఆ పిల్ల ఇంటి చుట్టూ ఉన్న ఇళ్లలో పెద్దవాళ్లకు రాత్రి రక్తపరీక్ష చేయించమని రాతపూర్వకంగా అడగండి. భోజనాలు అయ్యాక, తొమ్మిది దాటాక వెళ్లమనండి. ముందురోజే వార్డు మెంబరుకూ ఆశాకూ చెప్పి ఉంచితే, పనుల నుంచి వచ్చిన మగవాళ్లు కూడా దొరుకుతారు. ఆ స్లైడ్ల ఫలితం వచ్చాక ఇక్కడే రాయండి, కలిసి చూద్దాం.